నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో ముందు అది చూడండి

వానలు దగ్గర పడుతున్నందువల్ల కాబోలు, ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే బాధ చెబుతున్నాయి. పాత కారు, లోపల నీళ్లు, కింద తుప్పు. విజయవాడ ఆటోనగర్‌లో రేకు పని చేసేవాడిగా నాకు రోజూ కనిపించేదీ ఇదే. బండి తెచ్చిన ప్రతివాళ్లూ ముందు అడిగేది పెయింటుకు ఎంతవుతుందని. నేను ముందు అడిగేది నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని. దానికి జవాబు దొరక్కుండా పెయింటు వేయించిన బండి ఒకటి రెండు వానాకాలాలు తిరిగేసరికి అదే చోట పొక్కులతో మళ్లీ షెడ్డుకు వస్తుంది. అందుకే కింది జవాబుల్లో రంగు గురించి తక్కువ, నీటి గురించి ఎక్కువ రాశాను.

ప్రశ్న: మా మారుతీ 800 (1999 మోడల్) ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంటుంది. వాన పడిన ప్రతిసారీ ఎడమవైపు ముందు సీటు కాళ్ల దగ్గర నీళ్లు నిలుస్తున్నాయి. ముందు అద్దం రబ్బరు రెండుసార్లు మార్పించాను, ఫలితం లేదు. లోపల ఒకటే ముక్కవాసన. ఫ్లోరుకు చిన్న చిల్లు పెట్టిస్తే నీళ్లు పోతాయని ఒకరు సలహా ఇచ్చారు. పెట్టించమంటారా?
— రిటైర్డ్ టీచర్, బ్రాడీపేట, గుంటూరు

మాస్టారూ, చిల్లు మాత్రం పెట్టించకండి. పైనుంచి వచ్చే నీళ్లు దాన్లోంచి పోతాయేమో గానీ, రోడ్డు మీద గుంటలో చక్రం పడినప్పుడు కింద నుంచి బురద నీళ్లు అదే చిల్లులోంచి పైకి చిమ్ముతాయి. పైగా కోసిన అంచు దగ్గర పెయింటు ఉండదు, తుప్పు అక్కడే మొదలవుతుంది.

రెండుసార్లు మార్చినా కారుతోందంటే అద్దం రబ్బరును ఇక వదిలేయండి. బానెట్ ఎత్తి, వైపర్లు ఉండే చోట జాలీ లాంటి గ్రిల్ చూడండి. దాని కింద అడ్డంగా ఒక కాలువ ఉంటుంది. అద్దం మీద పడ్డ వాన నీళ్లు ఆ కాలువలోకి దిగి, చివర్లలో ఉన్న తూముల గుండా మడ్‌గార్డుల వెనక నుంచి నేల మీదికి పోవాలి. వేపాకు సన్నగా ఉంటుంది కాబట్టి గ్రిల్ సందుల్లోంచి సులువుగా జారిపోతుంది. పండుటాకులు, వేపపూత, కాయల గుజ్జు, దుమ్ము అన్నీ కలిసి అక్కడ ముద్దకడతాయి. డాబా మీద తూము పూడితే స్లాబు కారినట్టే, ఇక్కడ తూము పూడితే బండి లోపలికి కారుతుంది. బ్లోయర్ బయటి గాలి పీల్చుకునే కంత కూడా ఆ కాలువలోనే ఉంటుంది. కాలువలో నీటిమట్టం ఆ కంత అంచు దాటిందంటే, నీళ్లు బ్లోయర్ డబ్బాలోంచి నేరుగా ఎడమవైపు కాళ్ల దగ్గరకు దిగుతాయి. మీరు రాసిన చోటు సరిగ్గా అదే.

అయినా ఊహ మీద పని మొదలుపెట్టకండి. లోపల కనిపించే నీళ్లు మూడు రకాలు. వాన లేని రోజున ఏసీ వేసుకుని ఓ గంట తిరిగి రండి. కార్పెట్ తడిసిందా? అయితే అది ఏసీ నీళ్లు. ఏసీ నడుస్తున్నప్పుడు బండి కింద ఎడమవైపు నీటి చుక్కలు పడుతూ ఉండాలి. మన ఉక్కపోతలో ఆ చుక్కలు గట్టిగానే పడతాయి. పడటం లేదంటే ఆ చిన్న రబ్బరు గొట్టం పూడుకుందన్నమాట, నీళ్లు వెనక్కి మళ్లి లోపలే దిగుతున్నాయి. రెండోది కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం. వేళ్లకు జిడ్డుగా తగిలి, తియ్యటి వాసన వస్తే హీటర్ కోర్ (డ్యాష్‌బోర్డు వెనక, కూలెంట్ వేడితో లోపలికి వెచ్చటి గాలి ఇచ్చే భాగం) కారుతున్నట్టు. అలాంటప్పుడు బండి ఆపేసి మెకానిక్‌కు చూపించాలి, కూలెంట్ తగ్గితే ఇంజన్ వేడెక్కిపోతుంది. ఈ రెండూ కాకపోతే మిగిలింది వాన నీళ్లు.

వాన నీటి దారి పట్టుకోవడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. పెరట్లో మొక్కలకు నీళ్లు పెట్టే పైపు చాలు. ఒకరు లోపల టార్చి పట్టుకుని డ్యాష్‌బోర్డు కిందికి చూస్తూ కూర్చోవాలి. ఇంకొకరు బయట ధార సన్నగా పెట్టి, ముందు గ్రిల్ దగ్గర, తర్వాత అద్దం కింది అంచు, పక్క అంచులు, చివరగా పై అంచు, ఇలా కింద నుంచి పైకి జరగాలి. ఒక్కో చోట అయిదు నిమిషాలైనా ఆగండి. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్నిచోట్లా ఒకేసారి తగిలి, ఎక్కణ్ణుంచి దూరాయో తేలదు. సర్వీసింగ్ వాళ్ల ప్రెషర్ గన్‌తో ఈ పరీక్ష చేయించొద్దు. ఆ ఒత్తిడికి మంచి రబ్బరులోంచి కూడా నీళ్లు దూరతాయి. లేని తప్పు చూపించి మూడోసారి రబ్బరు మార్పిస్తారు.

కాలువే కారణమని తేలితే, గ్రిల్ విప్పించి చెత్త చేత్తో తీయండి. నీళ్లతో లోపలికి తోసేస్తే ఆ ముద్ద పోయి తూములోనే ఇరుక్కుంటుంది. తర్వాత మగ్గు నీళ్లు పోసి, రెండు ముందు చక్రాల వెనక నుంచి కారుతున్నాయో లేదో వంగి చూడండి. ఒకవైపే కారుతుంటే రెండో తూము ఇంకా పూడే ఉంది. ఏడాదికి రెండుసార్లు, ఆకు రాలాక ఒకసారి, వానలకు ముందు ఒకసారి ఇది చేసుకుంటే చాలు.

ఇక ముక్కవాసన. చాలామంది కార్పెట్ మీద చెయ్యి పెట్టి ఆరిపోయిందనుకుంటారు. దాని కింద ఫెల్టు ఉంటుంది. అది నెలల తరబడి తడి పట్టుకునే ఉంటుంది, ఫ్లోరును తినేది అదే. సీటు బోల్టులు విప్పి, తలుపు గడప మీది పట్టీ తీసి, కార్పెట్, ఫెల్టు రెండూ బయటికి లాగించండి. ఫెల్టు పిండితే నీళ్లు ఎంత కారతాయో చూసి మీరే ఆశ్చర్యపోతారు. మన దగ్గర ఎండకు లోటు లేదు, వానలు ముదరక ముందే ఓ రెండు మూడు రోజులు పూర్తిగా ఎండనివ్వండి. ఫెల్టు మరీ ముక్కిపోయి ఉంటే పారేసి కొత్తది వేయించండి.

రేకు బయటపడ్డాక స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట మొనతో నొక్కండి. ఎర్రపొడి మాత్రమే రాలితే అది పైతుప్పు. వైరు బ్రష్షుతోనూ ఎమెరీ పేపరుతోనూ రేకు మెరిసేదాకా రుద్ది, గుంటల్లో మిగిలిన తుప్పుకు రస్ట్ కన్వర్టర్ రాయండి. అది తుప్పును నల్లటి గట్టి పొరగా మారుస్తుంది. ఆరాక ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పెయింటు. పెచ్చులుగా ఊడి వస్తుంటే ఇంకా గీకాలి. మొన లోపలికి దిగిపోతే రేకు పోయినట్టే, అక్కడ వెల్డింగ్ తప్పదు. ఫ్లోరులో కంపెనీ పెట్టిన రబ్బరు బిరడాలు కూడా చూడండి. నీళ్లు వదలాలంటే చిల్లు అక్కర్లేదు, ఆ బిరడా తీసి వదిలి మళ్లీ పెట్టొచ్చు. గట్టిపడి పగిలినవి ఉంటే కొత్తవి ఆటోనగర్‌లోనే కాదు, గుంటూరులో కూడా దొరుకుతాయి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా స్విఫ్ట్ (2011) సీట్ల దాకా మునిగింది. ఇంజన్, వైరింగ్ బాగుచేయించి వాడుకుంటున్నాం. ఇప్పుడు నాలుగు తలుపుల కింది అంచుల్లో పెయింటు పొక్కులు లేస్తోంది. తలుపు వేసేటప్పుడు లోపల నీళ్లు కదిలిన చప్పుడు వస్తోంది. పొక్కులు గీకించి టచప్ చేయిస్తే సరిపోతుందా?
— గృహిణి, అజిత్ సింగ్ నగర్, విజయవాడ

సరిపోదమ్మా. ఆ పొక్కు లోపలి నుంచి బయటికి వచ్చింది. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పెయింటును పైకి నెడుతుంది. మీకు బయట కందిగింజంత కనిపిస్తే, లోపలివైపు అరచేయంత ఉండొచ్చు.

తలుపులోకి నీళ్లు రావడం మాత్రం తప్పేమీ కాదు. అద్దం దిగే సందులోంచి ప్రతి వానకూ కొంత నీరు తలుపు లోపలికి పోతుంది, బండి తయారుచేసినవాళ్లకూ ఆ సంగతి తెలుసు. అందుకే తలుపు కింది అంచున సన్నటి చీలికల్లాంటి తూములు పెట్టారు. తలుపు తెరిచి, అడుగు అంచున వేలితో తడిమి చూడండి, తగులుతాయి. మీ వీధుల్లో అప్పుడు నీళ్లు రోజుల తరబడి కదలకుండా నిలిచాయి. పారే నీటిలో కన్నా నిలిచిన నీటిలో ఒండ్రు ఎక్కువ దిగుతుంది. ఆ ఒండ్రు తలుపు అడుగున పేరుకుని, ఎండి, తూముల్ని మూసేసింది. ఆ తర్వాత పడిన ప్రతి వాన నీరూ లోపలే ఉండిపోతోంది. మీకు వినిపించే చప్పుడు అదే.

ఈ రోజే చేయగలిగిన పని ఒకటుంది. ప్లాస్టిక్ స్ట్రా గానీ, మొన లేని వెదురు పుల్ల గానీ తీసుకుని ఆ చీలికల్లో మెల్లగా ఆడించండి. ఇనుప మేకుతో గుచ్చితే పెయింటు పోతుంది. మొదట గోధుమరంగు నీళ్లు, తర్వాత మెత్తటి బురద వస్తాయి. అలా నాలుగు తలుపులూ ఖాళీ అయితే ముందు తుప్పు వేగం తగ్గుతుంది.

తర్వాత షెడ్డులో తలుపు లోపలి ప్యాడ్లు విప్పించండి. ప్యాడ్ వెనక, రేకుకు అంటించిన పల్చటి ప్లాస్టిక్ షీటు ఉంటుంది. అద్దం సందులోంచి దిగిన నీరు సీటు వైపు రాకుండా తలుపు అడుక్కి మళ్లించేది అదే. వరద తర్వాత ఒకసారి ఆ ప్యాడ్లు విప్పే ఉంటారు. స్పీకర్లు పెట్టినప్పుడు, పవర్ విండో రిపేరు చేసినప్పుడు ఆ షీటు చింపేసి అలాగే మూసేయడం నేను చాలా బండ్లలో చూస్తున్నాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. పైసా ఖర్చు లేని పని అది, మళ్లీ అంటిస్తే చాలు. మీ ఎదురుగానే అంటించమనండి. చిరిగి ఉంటే మందపాటి పాలిథీన్ కోసి, బ్యూటైల్ టేపుతో చుట్టూ సందు లేకుండా వేయించండి. ప్యాడ్లు తీసి ఉన్నప్పుడే మంచినీళ్లతో లోపల కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, కింది మడతల్లోకి క్యావిటీ వ్యాక్స్ స్ప్రే చేయించాలి. అది మైనంలా సందుల్లోకి పాకి రేకును కప్పుతుంది. ఇదంతా అయ్యాకే బయటి పెయింటు.

తలుపుల గడప కింద రన్నింగ్ బోర్డు భాగం ఒకటి ఉంటుంది, లోపల డొల్ల. మునిగిన బండ్లలో ఒండ్రు ఎక్కువగా దాక్కునేది అక్కడే, బయటికి ఏమీ తెలియదు. దాని అడుగున ఉన్న బిరడాలు తీయించి నీళ్లతో కడిగించండి. బురద రావడం ఆగేదాకా కడగాలి. ఆరాక అక్కడా వ్యాక్స్.

ఇంకొకటి, ఇది తుప్పు కన్నా ముఖ్యం. మీ బండికి ఎయిర్‌బ్యాగులు ఉంటే వాటి కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో గేరు రాడ్డు దగ్గర, ఫ్లోరుకు ఆనుకునే ఉంటుంది. సీట్ల దాకా నీళ్లు వచ్చాయంటే అది మునిగినట్టే. డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకుండా వెలుగుతున్నా, ఇగ్నిషన్ వేసినప్పుడు అసలు వెలగకపోయినా, స్కానర్ పెట్టి చూపించండి. లైటు బల్బు పీకేసి అమ్మిన బండ్లు ఉన్నాయి. సీటు బెల్టులు చివరిదాకా లాగి, బురద మరకలు ఉన్నాయా, గట్టిగా గుంజితే పట్టుకుంటున్నాయా చూడండి. సీటు కింది కనెక్టర్లలో పచ్చటి చిలుము కనిపిస్తే శుభ్రం చేయించాలి, బాగా తిని ఉంటే మార్చాలి.

మళ్లీ అలాంటి వరద రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం, నీళ్లు తీశాక బండి స్టార్ట్ అవుతుందేమోనని తాళం తిప్పకండి. సిలిండర్లో నీళ్లుంటే ఇంజన్ లోపల పిస్టన్లను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆ నష్టాన్ని మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో చాలావరకు ఒప్పుకోరు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ విడిగా తీసుకుని ఉండాలి. బ్యాటరీ తీగ తీసి, ఫొటోలు తీసుకుని, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పి, టోయింగ్ చేయించండి.

ప్రశ్న: మా నాన్నగారి అంబాసిడర్ ఇంట్లో ఉంది. అమ్మే ఉద్దేశం లేదు. ఫ్లోరు డ్రైవర్ వైపు చేతికి వస్తోంది, గడపలు మెత్తబడ్డాయి. ఇక్కడి టింకర్ పాత రేకు మీదే కొత్త రేకు రివిట్లు కొట్టి, లప్పం పెట్టి, కింద నల్ల కోటింగ్ కొడితే పదేళ్లు చూసుకోనక్కర్లేదంటున్నాడు. నిజమేనా?
— రైతు, తెనాలి

సోదరా, ఆ పని చేయించొద్దు. నాన్నగారి బండి అన్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

అంబాసిడర్ అంటే లారీలా కింద ఛాసిస్ ఉండి పైన బాడీ పెట్టినదని చాలామంది అనుకుంటారు. అది బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్ నుంచి వచ్చిన బండి. దాని ఫ్లోరు, గడపలు, బాడీ అన్నీ కలిసే బరువు మోస్తాయి. గడప మెత్తబడిందంటే బండి నడుం బలహీనపడిందని అర్థం. ఒక పరీక్ష చేయండి. చదునైన నేల మీద తలుపులు తెరిచి మూసి చూడండి. తర్వాత ఒకపక్క జాకీతో కొంచెం పైకి లేపి, ఆ పక్క తలుపులే మళ్లీ తెరిచి మూయండి. మూసేటప్పుడు పట్టేస్తున్నా, సందు మారినా బాడీ వంగుతోందన్న మాటే. జాకీ పెట్టిన చోటే రేకు నొక్కుకుపోతే వెంటనే దించేయండి. బండి లేచి ఉండగా కిందికి ఎవరూ దూరకూడదు.

పాత రేకు మీద కొత్త రేకు కప్పితే రెండింటి మధ్య చెమ్మ చేరుతుంది. ఇదివరకు ఒకవైపే తినేది, ఇప్పుడు రెండు రేకుల్నీ తింటుంది. లప్పానికి బలం ఉండదు, పైగా అది చెమ్మ పీలుస్తుంది. సొట్టల్ని చదును చేయడానికి పల్చగా పెట్టాల్సిన వస్తువది, చిల్లులు పూడ్చడానికి పనికిరాదు. ఇక తుప్పు మీద కొట్టిన నల్ల కోటింగ్ తడిని లోపలే బంధిస్తుంది. పైకి నున్నగా కనిపిస్తుంది కాబట్టి లోపల ఏం జరుగుతోందో మీకు తెలియదు. ఒకరోజు అట్టలాగా మొత్తం ఊడి వస్తుంది.

సరైన పని ఇలా ఉంటుంది. తిన్న రేకును గట్టి రేకు తగిలేదాకా కోసి తీసేయాలి. ఫ్లోరుకు 20 గేజి, అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్ల రేకు, బరువు పడే గడపలకు 18 గేజి, అంటే 1.2 మిల్లీమీటర్ల రేకు కోసి, పాత రేకు వంపుకు తగ్గట్టు వంచి, సీఓటూ వెల్డింగ్ చేయించండి. గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు మెలితిరుగుతుంది. సీఓటూలో కూడా ఒకే గీతగా లాగకుండా చుక్కలు చుక్కలుగా, అటొకటి ఇటొకటి వేయాలి. రెండు గడపలూ ఒకేసారి కోయనివ్వొద్దు. ఒకవైపు కోసి, అతికాక రెండోవైపు. కోసేముందు తలుపుల మధ్య, పక్క స్తంభాల మధ్య తాత్కాలికంగా ఇనుప పట్టీలు అతికించి బాడీ కదలకుండా కట్టుకోవాలి. ఈ మాట చెబితే మీ టింకర్ సరే అన్నాడంటే పని తెలిసినవాడే. విసుక్కున్నాడంటే వేరేచోట చూడండి.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీయాలి, పెట్రోలు అయినా డీజిల్ అయినా ట్యాంకు దించాలి, ఫ్లోరు కింద పోయే పైపులు, వైర్లు పక్కకు తప్పించాలి. పక్కన నీళ్ల బకెట్, ఇసుక ఉండాల్సిందే. అతికాక వెల్డు గీతలు గ్రైండర్‌తో చదును చేసి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, అతుకుల మీద సందులు మూసే సీమ్ సీలర్ రాయాలి. ప్రైమర్ ఒక్కటే కొట్టి బండి నెలల తరబడి ఆరుబయట వదిలేస్తుంటారు. మామూలు ప్రైమర్ చెమ్మను ఆపలేదు. పైన పెయింటు పడాల్సిందే. అండర్ కోటింగ్ అన్నిటికన్నా చివర్లో. కోటింగ్ కొట్టేవాడి పక్కన మీరు నిలబడి, గడప అడుగున ఉన్న తూములకు, తలుపుల తూములకు టేపు వేయించండి. వాటి మీద కూడా నల్లగా కొట్టేసి దారులన్నీ మూసేస్తే మీరు పెట్టిన డబ్బంతా వృథా.

ఈ పనికి డబ్బు, రోజులు రెండూ ఎక్కువే పడతాయి. ఒకేసారి చేయించలేకపోతే ముందు గడపలు, ఫ్లోరు చేయించండి. మడ్‌గార్డులు, డిక్కీ, రంగు తర్వాత ఏడాది చూసుకోవచ్చు. పైకి రంగు వెలసినా బండికి ప్రమాదం లేదు.

ప్రశ్న: మాది సూర్యలంక దగ్గర. 2009 మోడల్ ఇండికా. ఉప్పుగాలికి అడుగుభాగం ఎర్రబడుతోంది. వారం వారం బోరు నీళ్లతో కడుగుతున్నాను, ప్లాస్టిక్ కవర్ కప్పుతున్నాను. ఇంకేం చేయాలి?
— చిరువ్యాపారి, బాపట్ల

మీ శ్రమ చూస్తే ముచ్చటేస్తోంది, కానీ రెండు మార్చాలి. సముద్రం పక్క బోర్లలో చాలావాటిలో ఉప్పదనం ఉంటుంది. దాంతో కడిగితే ఉప్పు మీద ఉప్పు పోసినట్టే. నాలుక మీద చుక్క వేసుకుంటే తెలిసిపోతుంది. మున్సిపల్ నీళ్లు గానీ, పట్టి ఉంచిన వాన నీళ్లు గానీ వాడండి. పైన అద్దంలా తుడవడం కన్నా చక్రాల గూళ్లు, అడుగు కడగడం ముఖ్యం. ప్లాస్టిక్ కవర్ కింద రాత్రి చెమ్మ చేరి పగలు ఆవిరవుతుంది, బయటికి పోయే దారి ఉండదు. గాలి ఆడే గుడ్డ కవర్ కొనండి, లేదంటే ఉత్త రేకుల షెడ్డే మేలు. తడి బండి మీద మాత్రం ఏ కవరూ వేయకండి. ఎర్రబడిన చోట్లు ఇప్పుడే రుద్ది ప్రైమర్, పెయింటు, ఆపైన అండర్ కోటింగ్ చేయించండి. పైతుప్పు దశలోనే ఉందంటే మీ బండికి ఇంకా చాలా ఆయుష్షు ఉంది.

ప్రశ్న: సన్‌రూఫ్ ఉన్న పాత సెడాన్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. గట్టి వాన పడితే లోపలి లైటు దగ్గర నీళ్లు కారుతున్నాయి. డిక్కీలో స్టెప్నీ కింద కూడా నీళ్లున్నాయి. సిలికాన్‌తో సన్‌రూఫ్ మూసేయిద్దామా అని ఆలోచన.
— ప్రైవేటు ఉద్యోగి, మంగళగిరి

తమ్ముడూ, మూసేయించకు. సన్‌రూఫ్ రబ్బరు పూర్తిగా నీళ్లాపడానికి పెట్టింది కాదు. దాన్ని దాటిన నీరు చుట్టూ ఉన్న ట్రేలో పడి, మూలల్లోని సన్నటి గొట్టాల గుండా స్తంభాల లోపలి నుంచి కిందికి పోవాలి. మామూలుగా నాలుగు మూలలకు నాలుగు గొట్టాలు. సన్‌రూఫ్ తెరిచి ఒక్కో మూలలో అరగ్లాసు నీళ్లు పోసి చూడు. ముందువి ముందు తలుపుల దగ్గర, వెనకవి వెనక చక్రాల దగ్గర కిందికి రావాలి. రాని గొట్టంలోకి మందపాటి నైలాన్ తీగ మెల్లగా దూర్చి ఆడించు. టైర్లకు కొట్టే ఎయిర్‌తో ఊదించకు. ఆ ఒత్తిడికి లోపల గొట్టం జాయింటు ఊడిపోతే పైకప్పు గుడ్డంతా దించాల్సి వస్తుంది.

డిక్కీ నీళ్లకు వెనక గొట్టం కారణం కావచ్చు, కాకపోనూవచ్చు. స్టెప్నీ తీసి, ఆ గుంట తుడిచి, ఒకళ్లను టార్చితో డిక్కీలో కూర్చోబెట్టి మూత మూసి, బయట నుంచి టెయిల్ లైట్ల చుట్టూ నీళ్లు పట్టు. చాలాసార్లు తేలేది ఆ లైటు వెనక ఎండిపోయిన గ్యాస్కెట్టే. మన రోహిణి ఎండలకు రబ్బరు ఏదైనా బిర్రబిగుసుకుపోతుంది. డిక్కీ బీడింగ్ కూడా వేలితో నొక్కి చూడు, తిరిగి లేవకపోతే మార్చాలి. లోపల కూర్చున్నవాళ్లు పిలిస్తే వెంటనే తెరవాలి, తాళం చేతిలోనే ఉంచుకో.

ప్రశ్న: మా 2010 వ్యాగన్ ఆర్‌కు పదిహేనేళ్లు నిండాయి. ఆర్‌సీ రెన్యువల్‌కు బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి. తుప్పు కనబడకుండా పెయింటు వేయించుకుని వెళ్తే చాలా?
— ఆటో విడిభాగాల దుకాణదారు, భవానీపురం, విజయవాడ

పెయింటు సంగతి మీ ఇష్టం. కానీ రెన్యువల్ అయితే అయిదేళ్లు ఆ బండిలో మీ కుటుంబమే తిరుగుతుంది. అందుకని ముందు బండి లిఫ్టు ఎక్కించి ఒక్క వస్తువు చూడండి. బ్రేకు మాస్టర్ సిలిండర్ నుంచి వెనక చక్రాలకు ఫ్లోరు కింద పోయే సన్నటి ఇనుప పైపులు. వాటిని పట్టి ఉంచే క్లిప్పుల కింద మట్టి, చెమ్మ చేరతాయి, తుప్పు అక్కడ మొదలవుతుంది. క్లిప్పు తీయకుండా చూస్తే పైపు బాగున్నట్టే ఉంటుంది. క్లిప్పు విప్పి గుడ్డతో తుడిచి, గోటితో గీకమనండి. పెచ్చులు లేచినా, పైపు గుంటలు పడినా పెయింటు కొట్టి పంపేయకూడదు, మార్చాల్సిందే. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడే అలాంటి పైపు చిట్లుతుంది. వెనక చక్రాల దగ్గర రబ్బరు హోసులు, సస్పెన్షన్ బాడీకి తగిలించిన చోట్లు కూడా అదే చూపులో చూసేయండి. గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. మీకు గడువు దాటినట్టే ఉంది కాబట్టి రెన్యువల్ అయ్యేదాకా బండి రోడ్డు మీద తిప్పకండి. ఈలోగా పైపుల పని పూర్తిచేయించి, బ్రేకు ఆయిల్ కొత్తది పోయించి, బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయించండి.